అమ్మమ్మ చెరపనివ్వని పాట

వేడి ఇస్త్రీ పెట్టె కింద తడిగుడ్డలోంచి లేచే ఆవిరి వాసన ఎక్కడ తగిలినా నాకు గల్ఫ్‌లో, ముహర్రక్‌లో మేమున్న ఒంటిగది గుర్తొస్తుంది. జుఫైర్‌లో ఒక హోటల్ లాండ్రీలో పనిచేసే నాన్న ఒళ్లంతా ఆ వాసనే మోసుకుని ఇంటికొచ్చేవాడు. తొంభైల నాటి మాట. కోనసీమ నుంచి వెళ్లిన మా ముగ్గురికీ ఆ గది, దాని మీది డాబా, రేడియో, క్యాసెట్లు రెండూ పాడే ఒక పాత టూ-ఇన్-వన్, ఇదే లోకం.

ఇళ్లల్లో పనికి వెళ్లే అమ్మకు శుక్రవారం ఒక్కటే సెలవు. చింతపండు పులుసులో కుతకుతలాడే హమూర్ చేప, పక్క వీధి బట్టీ నుంచి చేతులు కాలుతుండగా తెచ్చిన ఖుబూస్ రొట్టెలు, ఎండాకాలమైతే గోడలకు కూడా చెమటలు పట్టే ఉక్క, చలికాలమైతే సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, వీటన్నిటి నడుమ మధ్యాహ్నం రేడియోలో ఇంగ్లీషు పాటల వరస మొదలయ్యేది. ఇరవయ్యో స్థానం నుంచి ఒకటో స్థానం దాకా ఒక్కొక్కటే వేసేవారు.

ఒక ఏడాది ఆ వరసలో ఒక పాట అట్టడుగున చేరింది. పాడినావిడ అమెరికాలోని నల్లజాతి గాయని. ఎవరి చెవిలోనో చెబుతున్నట్టు మెల్లగా మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి గుండె పట్టనట్టు గొంతెత్తేది. మాటలు మాకెవరికీ అర్థమయ్యేవి కావు. అమ్మ మాత్రం కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని, "పాపం, ఎవర్నో పోగొట్టుకున్నట్టుందే ఈవిడ" అనేది. పాట వారం వారం పైకి పాకింది. పక్కగదిలో ఉండే కరీంనగర్ వైపు మేస్త్రీ రాజన్నకు గల్ఫంతా దుబాయే. "గీ దుబాయిల ఇంకో పాటనే లేదా బిడ్డా?" అని నన్ను ఆటపట్టించేవాడు గానీ, ఒకటో స్థానం చెప్పే వేళకు తనూ మా గుమ్మంలో నిలబడేవాడు.

అప్పుడే నన్ను ఊరికి, అమ్మమ్మ దగ్గరికి పంపే మాట ఇంట్లో నలగడం మొదలైంది. నాన్నకు కుటుంబంతో ఉండే వీలు పోయింది. అమ్మ ఒకరింట్లోనే ఉండి పనిచేసే వీసా మీదికి మారాలి. ఆ ఇంట్లో నాకు చోటు లేదు. నాలో నేనే ఒక పందెం వేసుకున్నాను: పాట ఒకటో స్థానంలో ఉన్నన్నాళ్లూ నన్నెవరూ పంపలేరని. పాట ఒకటికెక్కింది. వారాల తరబడి దిగలేదు. నేనూ ధీమాగా తిరిగాను.

ఒక శుక్రవారం సరిగ్గా ఒకటో పాట చెప్పే సమయానికి డాబా మీంచి విమానం పోయింది. విమానాశ్రయం పక్కనే ఉన్న ముహర్రక్‌లో అది మామూలే. మోత తగ్గేసరికి ఒకటో పాటగా ఎవరో కుర్రాళ్లు హుషారుగా పాడుతున్నారు. నేను కంచం తోసేసి ఏడ్చాను. అమ్మ అది పాట కోసమే అనుకుంది.

"ఎక్కినోళ్లు దిగరేంటే? దానికీ ఏడుపేనా?" అంది.

ఆ నెలలోనే నాన్న టికెట్టు తెచ్చాడు.

అమ్మమ్మ ఇంట్లో ఫోను లేదు. మాలాంటి వాళ్లమంతా మాటలు క్యాసెట్‌లో నింపి, సెలవుకు వచ్చేవాళ్ల చేత పంపుకునేవాళ్లం. విన్నాక అదే క్యాసెట్ మీద జవాబు చెప్పి తిప్పి పంపడం రివాజు. పాత మాటలు చెరిగిపోయేవి, ఎవరికీ పట్టింపు ఉండేది కాదు.

అమ్మ పంపిన మొదటి క్యాసెట్ చుట్టూ అమ్మమ్మ, మావయ్య, నేను అందరం కూర్చున్నాం. "బుజ్జమ్మా, నీ పాటకి అమెరికాలో పెద్ద పెద్ద ప్రైజులొచ్చాయంట. మా మేడమోళ్ల టీవీలో సూశాను. ప్రైజు సేతిలో ఎట్టుకుని ఆవిడ ఏడిసింది. నాకు నువ్వే గుర్తొచ్చావు..." బటన్ టక్కుమంది, అమ్మ రేడియోలోంచి పట్టిన పాట మొదలైంది.

జవాబు చెప్పడానికి మావయ్య క్యాసెట్‌ని వెనక్కి తిప్పాడు. అమ్మమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "మన మాటలు ముందే ఆపెయ్ రా. ఆ పాట జోలికెళ్లకు, పిల్ల బెంగెట్టుకుంటాది."

అలా ఆ క్యాసెట్ ఎన్నిసార్లు సముద్రం దాటినా, పాట చెక్కుచెదరలేదు. నేను బళ్లో ఉండగానే ఇంటికి ఫోను వచ్చి, క్యాసెట్లు ఆగిపోయాయి. అమ్మ మరి తిరిగి వెళ్లకుండా వచ్చేసరికి నేను కాలేజీలో ఉన్నాను. తన పెట్టెలో బట్టల మధ్య దాన్ని భద్రంగా తెచ్చింది.

ఇప్పుడు అమ్మ లేదు. ముహర్రక్‌లో ఆ ఇల్లూ లేదంటారు. మొన్న ఆ క్యాసెట్‌ని షాపులో ఇచ్చి ఫోనులోకి ఎక్కించుకున్నాను. అమ్మ మాటల మీద ఉన్నది మేము చివరగా పంపిన జవాబు: మావయ్య చెప్పిన ధాన్యం ధర, అమ్మమ్మ దగ్గు, ఆ తర్వాత పాట. అన్ని ప్రైజులొచ్చిన పాట, ఎవరూ దాచకపోయినా ఎక్కడో ఒకచోట దొరికేది. నాకు కావలసింది వయసులో ఉన్న అమ్మ గొంతు, ఒక్క మాటైనా చాలు. అమ్మ నన్ను "బుజ్జమ్మా" అని పిలిచిన చోట, గట్టిగా, తప్పుల్లేకుండా, నేను పదమూడో ఎక్కం అప్పజెబుతున్నాను.