చిక్కుడు కొత్త ముందుకు జరిగిన ఏడు

నా చిన్నప్పుడు మా పెరట్లో, మా పాదుకు కాసిన చిక్కుడుకాయని మేమే దొంగతనంగా తినాల్సి వచ్చేది. నవ్వకండి, నిజం! హుకుంపేట సంత నుంచి రెండు కొండలు ఎక్కి దిగితే మా ఊరు. మాకు ఏ పంట చేతికొచ్చినా మొదటి పిడికెడు ఊరి చివర రాళ్ల దగ్గరుండే మా ఊరి దేవతకి, మా తల్లికి పెట్టాలి. ఆ తరువాతే మనుషుల నోట్లోకి. ఆ పండగని కొత్త అంటాం. కొర్రలకో కొత్త, చిక్కుడుకో కొత్త, మామిడికో కొత్త. కొత్త కాకముందే తిన్నవాళ్లకి పులి ఎదురవుతుందని పెద్దలు మమ్మల్ని బెదిరించేవారు. తల్లికి పూజ చేసేది మా తాతయ్యే. పూజారి మనవరాలే తప్పు చేస్తే ఇంకేమన్నా ఉందా? ఆ భయం నాకు మిగతా పిల్లల కంటే రెండింతలు ఉండేది.

ఆ ఏడు కార్తీకంలో పక్కింటికి కొత్త కోడలు వచ్చింది. వరసకి అక్క, నేను అలాగే పిలిచేదాన్ని. చింతపల్లి వైపు పిల్ల. వాళ్ల ఊరు ఊరంతా తాతల నాటి నుంచీ చర్చికి వెళ్లేవాళ్లే. మా ఊళ్లో గుమ్మానికి శిలువ ఉన్న ఇల్లు ఆ ఒక్కటే. ఆమె మొగుడు, మా బావ, కాఫీ తోటల పనికి పోయి క్రిస్మస్ ముందురోజుకి గానీ రాడు. ఇంట్లో వేరే పెద్దవాళ్లు లేరు. అందుకని రోజంతా నేను ఆ ఇంట్లోనే. క్రిస్మస్‌కి ఇంటి మీద నక్షత్రం కడతామని, దాని లోపల దీపం వెలుగుతుందని అక్క చెప్పిన దగ్గర్నుంచి నా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. కాగితం లోపల దీపం ఎలా పెడతారు, కాలిపోదా, ఎంత ఎత్తులో కడతారు, తాడు నేను లాగొచ్చా? అడిగిందే అడిగి ఆమె ప్రాణం తీశాను.

క్రిస్మస్ ఇంకా మూడు రోజులుందనగా ఆ నక్షత్రం పని మొదలైంది. వెదురు బద్దలు చీల్చి, ఐదు కోణాలకీ నార కట్టి, సంతలో కొన్న ఎర్ర కాగితం గంజితో అంటిస్తున్నాం. కొత్త కోడలు తొలి పండక్కి ఊరందరికీ అన్నం పెట్టాలని వాళ్లమ్మ చెప్పి పంపిందట. అక్క ఇల్లిల్లూ తిరిగి పిలిచి కూడా వచ్చేసింది. ఆ ఏడు కందులు పూతలోనే పోయాయి. ఇంట్లో ఉన్నది ఒక్క కోడి. అది ఊరికేం సరిపోతుంది? అందుకే చిక్కుడు గింజలు దండిగా ఒలిచి, కోడిని వాటిలో వేసి వండుతానంది. అలా చెబుతూనే పొయ్యి మీద ఉడుకుతున్న గింజలు దోసెడు తీసి, ఉప్పు చల్లి, ఆకులో నా ముందు పెట్టింది. నేను చేతులు గౌనుకి తుడుచుకుని, కబుర్లలో పడి తినేస్తున్నాను. సగం ఆకు ఖాళీ అయ్యాక గుర్తొచ్చింది. ఓలమ్మ! మా ఊళ్లో చిక్కుడు కొత్త ఇంకా కాలేదు!

పరుగున ఊట దగ్గరికి పోయి నోరు పుక్కిలించాను, కడుపులోకి పోయినవి కూడా బయటికి వచ్చేస్తాయన్నట్టు. అక్కడ నీళ్లకొచ్చిన ఆడవాళ్ల మాటలు చెవిన పడ్డాయి.

"పాపం, మనసారా పిలిసింది. ఏటి తింటాం ఆ ఇంట? సిక్కుడు ఒలుస్తంది, సూడనేదా? కొత్త అవ్వనేదు కదా."

"మరి సెప్పొచ్చు కదే?"

"ఎలా సెప్తాం? ఆళ్ల పండగొంటకి వొంక పెట్టినట్టుండదూ?"

పులి సంగతి పక్కకి పోయింది. తొలి పండక్కి అక్క ఆకులు పరుచుకుని కూర్చుంటే ఒక్కరూ రారు. వచ్చినా ముద్ద ముట్టరు. ఆమెకి ఎందుకో కూడా తెలియదు. తన దేవుడంటే పడకే ఎవరూ రాలేదనుకుంటుంది. ఇది ఆపాలంటే తాతయ్యకి చెప్పాలి. తాతయ్యకి చెప్పాలంటే నేను తిన్న సంగతీ చెప్పాలి.

తాతయ్య కళ్లంలో సామలు తూర్పారబడుతున్నాడు. నేను వెళ్లి ఏడుపు మొదలుపెట్టాను.

"ఏటే గుంటా, ఏటి సేసినావు?"

అంతా చెప్పేశాను. గింజలు, అక్క పిలుపు, ఊట దగ్గర మాటలు, ఒక్కటి కూడా దాచలేదు. తాతయ్య చేట కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. ఇంక వీపు మోగుతుందని కళ్లు మూసుకున్నాను.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాడు.

తలూపాను. తాతయ్య చేట మళ్లీ అందుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దలందరినీ పిలిపించాడు. నేను మా నానమ్మ వెనక నక్కి విన్నాను. చిక్కుడు కొత్త రేపే చేసేద్దామన్నాడు! పుష్య పున్నానికి అనుకున్న పండగ అది. నా దొంగతనం మాట మాత్రం ఎత్తలేదు. ప్రతి మాటకీ అడ్డుపుల్ల వేసే ముసలాయన ఒకడు మా ఊళ్లో ఉండేవాడు, ఆయన లేచాడు.

"ఇంత బేగీ ఏటి? ఆ కిరస్తానీ గుంట కోసమా?"

"ఔను, ఆ గుంట కోసమే," అన్నాడు తాతయ్య. "మన కోడలే కదా. ఆళ్ల పండక్కి తేదీ ఉంది, జరగదు. మనది మనం పెట్టుకున్న రోజు, జరుగుతాది. ఒరే, అమ్మకి కూడు ముందు పెడితే కోపమొత్తాదా, ఎనక పెడితే ఒత్తాదా?"

ముసలాయన గొణుక్కుంటూ కూర్చున్నాడు. మిగతావాళ్లు సరేనన్నారు. నేను ఎగిరి గంతేశాను. వరసగా రెండు రోజులు రెండు పండగలు! మా ఊరి పిల్లలకి అంతకు ముందు అలాంటి అదృష్టం పట్టలేదు.

కొత్త నాడు తెల్లారకముందే డప్పులు మొదలయ్యాయి. తల్లి దగ్గరికి మొదటి చిక్కుడు బుట్ట మోసే పని తాతయ్య నాకే అప్పగించాడు. బుట్ట దించి, ముందే తిన్నాను తల్లీ, తప్పయిపోయింది అని లోపల్లోపల చెప్పుకున్నాను. దారిలో పులి కాదు కదా, పిల్లి కూడా కనపడలేదు. అక్కడి నుంచి ఆడవాళ్లు నడుములు పట్టుకుని దింసా ఆడుతూ ఊరంతా తిరిగారు. నేను కాళ్లు నొప్పులు పుట్టేదాకా వాళ్ల తోకలాగా వేలాడాను.

ఇంకో సంగతి చెప్పాలి. అక్క కాపురానికొచ్చిన రోజుల్లో మా నానమ్మ తల్లి దగ్గర కొట్టిన కొబ్బరి చెక్క ఇస్తే ఆమె తీసుకుని కొంగున కట్టుకుంది గానీ తినలేదు. మొక్కిన తిండి వాళ్లు తినకూడదట. నానమ్మ వారం రోజులు మూతి ముడుచుకుంది. ఆ సంగతి తాతయ్య గుర్తుపెట్టుకున్నాడు. కొత్త నాడు వండిన కూరలోంచి, తల్లికి చూపించకముందే, ఒక వాటా అడ్డాకు దొన్నెలో పక్కన తీయించాడు. "మొక్కక ముందే తీసిందని సెప్పి ఇయ్యి" అని నన్ను పంపాడు. నేను అక్క గుమ్మంలో నిలబడి ఆ ముక్క ఊరంతటికీ వినపడేలా అరిచాను. అక్క దొన్నె అందుకుని, నిలబడిన చోటే నిలబడి తినేసింది. వెనకాలే వచ్చిన నానమ్మ అది చూసి ఇంకొంచెం తేనా అని అడిగింది.

ఆ సాయంత్రం బావ వచ్చాడు. చీకటి పడే వేళకి నక్షత్రం లేచింది. తాడు లాగింది నేనే! వెదురు గడ చివర ఆ ఎర్ర వెలుగు ఊగుతుంటే, దింసా ముగించుకుని ఇళ్లకి పోతున్న డప్పులవాళ్లు దాని కింద ఆగి మళ్లీ వాయించడం మొదలుపెట్టారు. అక్క చప్పట్లు కొడుతూ నవ్వుతోంది. నాకు ఆ ఆనందం ఎక్కడ దాచుకోవాలో తెలియక ఊరికే ఇంటి చుట్టూ పరుగెత్తాను.

మర్నాడు మధ్యాహ్నం ఊరు ఊరంతా వచ్చింది. అడ్డుపుల్ల ముసలాయన మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఈలోగా బావ అక్కకి జరిగిందంతా చెప్పేసినట్టున్నాడు. కూర గిన్నె పట్టుకుని తాతయ్య ముందుకొచ్చేసరికి ఆమె కళ్లనిండా నీళ్లు.

"తాతా, నాకు ముందే సెప్పుంటే ఆ గింజలు ఎయ్యకపోదును కదా."

"సెప్తే ఒట్టి కోడే వొండుదువు. నాకు మెడముక్కే దక్కును," అన్నాడు తాతయ్య. "ఎయ్యి, ఇంకో గరిటె గింజలు ఎయ్యి."

ఇప్పుడు నేను అరకులో కొడుకు దగ్గర ఉంటున్నాను. శనివారాలు ఒక్కపొద్దు ఉండటం ఎన్నో ఏళ్ల అలవాటు. ఆ మధ్య రంజాన్ పండగ శనివారం పడింది. పొద్దున్నే ఎదురింటి టైలరు భార్య కొత్త చీర కట్టుకుని, గిన్నెలో వేడివేడి సేమ్యా పాయసం తెచ్చింది. నా చేతికిచ్చి, ఎలా ఉందో చెప్పమని చిన్నపిల్లలా నా మొహమే చూస్తూ నిలబడింది. వెనక నుంచి నా కోడలు వద్దన్నట్టు ఒకటే సైగలు. నేను గడప మీద కూర్చుని గిన్నె ఖాళీ చేసి ఇచ్చాను. ఆ అమ్మాయి సంబరంగా వెళ్లిపోయాక కోడలు బుగ్గలు నొక్కుకుంది.

"అత్తా, మరి నీ ఒక్కపొద్దో?"

"రేపుంటానే," అన్నాను. "దేవుడికి ఆదివారం పనేటుంది?"