మూడో పిలుపు

నా చిన్నప్పుడు రేపల్లె కోర్టులో మనుషుల్ని రెండు రకాలుగా పిలిచేవారు. పొలాలున్నవాళ్ళ పేరు చివర 'గారు'. మాబోటి కూలీల పేరు చివర 'గాడు'. ఒక్క అక్షరమే తేడా. అందులో ఎంత కావరం దాగుందో బడి చెప్పలేదు, బడికి నన్ను పంపితే గదా! మా ప్లీడరు గారు చెప్పారు.

ఆయనది తెనాలి. కలిగినింటి బిడ్డ. కూలోళ్ళ కేసులు పట్టుకున్నాడని సొంతవాళ్ళే పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. "నయమే, అరగని భోజనాలు తప్పాయి" అని నవ్వేవారు. మా తాతయ్యను 'బాబాయ్' అనేవారు. తాతయ్య బెదిరిపోయి తలపాగా తీసేవాడు. ఆయనే మళ్ళీ తల మీద పెట్టేవారు.

పెనుమూడిలో మా గుడిసె ఉన్న చోటు తనదని ఒక ఆసామి దావా వేశాడు. ఆ రోజు తాతయ్య సాక్ష్యం, నేనూ వెంట వెళ్ళాను. మూడు పిలుపుల్లో బోనెక్కకపోతే సాక్ష్యం పోయినట్టే, గుడిసె పోయినట్టే.

బంట్రోతు తాతయ్య పేరుకి 'గాడు' తగిలించి కేకేశాడు. జన్మంతా ఆ పిలుపుకే లేచిన మనిషి, లేవబోయాడు. ప్లీడరు గారు కండువా చెంగు పట్టి కూర్చోబెట్టారు.

రెండో కేక. "బాబూ, కొంప మునుగుద్ది, పోనీండి" అన్నాడు తాతయ్య.

"కూర్చోండి బాబాయ్. అది మీ పేరు కాదు."

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఏమండీ, మీ సాక్షి ఏరీ?"

"ఇక్కడే ఉన్నారండి. పిలవందే ఎలా వస్తారు? కాగితాల్లో ఆయన పేరు చివర 'గాడు' ఎక్కడుందో చూపించమనండి."

"కూలోడికి గారేంటండీ, విడ్డూరం కాకపోతే!" అన్నాడు ఆసామి తరపు ప్లీడరు. హాల్లో నవ్వులు. జడ్జిగారు నవ్వలేదు. కాగితాలు తిరగేసి, "సరిగ్గా పిలువు" అన్నారు బంట్రోతుతో.

మూడో పిలుపు 'గారు' అని వచ్చింది. తాతయ్య కదలలేదు! ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనుకుని, దారివ్వడానికి కాళ్ళు కూడా ముడుచుకున్నాడు. ప్లీడరు గారి ముఖం అప్పుడు పాలిపోయింది. నేనే తాతయ్య మోచెయ్యి పట్టి లాగాను. "నిన్నే తాతయ్యా!"

ఎన్నో వాయిదాల తర్వాత గుడిసె దక్కింది. తర్వాతెప్పుడో అక్షరాలు నాకు నేనే దిద్దుకున్నాను. మొదట పట్టుకున్నవి 'ర', 'డ'.

కాలం మారిందంటారు. ఏం మారింది, నా మొహం! మొన్న బాపట్లలో ఒక ఆఫీసుకి వెళ్తే, మనవడి వయసు గుమాస్తా "ఏయ్ ముసలోడా" అని పిలిచాడు. "నిన్నే తాతా, వెళ్ళు" అంది పక్కనున్న అమ్మాయి. "నా పేరు అది కాదమ్మా" అన్నాను. సరిగ్గా పిలిచేదాకా లేవలేదు. కండువా చెంగు వెనకనుంచి ఎవరో పట్టుకునే ఉన్నారు.