లేవడానికి బద్ధకించే బటన్

పెడనలో అద్దకపు పనివారుండే వీథికి వెళ్లి శోభనాద్రి ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా ఒక క్షణం ఆలోచిస్తారు. డబుల్ బావ ఇల్లెక్కడని అడిగితే మాత్రం ఆలోచించకుండా చేయి చూపిస్తారు. ఆ పేరు తగిలించినవాడు అతని బావమరిది హరిబాబు. గుడివాడలో మోటారు సైకిళ్ల విడిభాగాల దుకాణంలో పనిచేసే ఈ హరిబాబు అక్కను చూడవచ్చినప్పుడల్లా బావతో ఆటకు కూర్చునేవాడు, ఆడినప్పుడల్లా గెలిచేవాడు.

శోభనాద్రికి నలభై ఏళ్లు దగ్గరపడ్డాయి. కలంకారీ షెడ్డులో గుడ్డ మీద అచ్చుతో పువ్వులూ లతలూ అద్దడం అతని జీవనం. పేకాట ఎరుగడు, సినిమాలంటే ఆసక్తి లేదు. సాయంత్రం వేళ్ల సందుల్లోని నల్లరంగును రుద్ది కడుక్కొని, టీవీ ముందు చాప పరుచుకొని, ఇద్దరు వస్తాదులు కలబడే వీడియో ఆట ఆడటం ఒక్కటే అతని వినోదం. ఆ ఆటలో అతనికి తెలియని పట్టు లేదు, తెలియని దెబ్బ లేదు. అయినా ఓడిపోయేవాడు. అతని వస్తాదు తన్నవలసిన తన్ను చక్కగానే తన్నేవాడు. తన్నిన వెంటనే వెనుకకు తగ్గవలసి ఉండగా, ఎవరూ కోరని రెండవ తన్ను ఒకటి గాలిలోకి విసిరేవాడు. కాలు గాలిలో ఉన్న ఆ రెప్పపాటులో హరిబాబు వస్తాదు లోపలికి దూరి చితకబాదేవాడు.

"నీకు అన్నీ డబులే బావా! ఒకటి నాకు, ఇంకోటి గాలికి!" అని హరిబాబు నవ్వాడు. ఆ నవ్వు గోడ దాటింది, వీథి దాటింది, చివరకు షెడ్డుకు చేరింది. పొరుగూరినుంచి గుడ్డ మోసుకొచ్చే రిక్షా మనిషి కూడా "డబుల్ బావగారూ" అని గౌరవంగా పిలవడం మొదలుపెట్టాక శోభనాద్రికి అన్నం సహించలేదు. బందరులో వీడియో ఆటల సామాను అమ్మే సుబ్బారావు దుకాణంలో ఆదివారం పూట ఇటువంటి ఆటలు ఆడేవారు కూడుతారు. ఆ పదిమంది ఎదుట హరిబాబును ఒక్కసారి ఓడించి, ఆ పేరును అక్కడే వదిలించుకొని రావాలని అతడు పట్టుబట్టాడు.

లోపం తనలో ఉందని అతనికి తోచలేదు. చేతిలోని బటన్ల గేమ్‌ప్యాడే ఒక నొక్కును రెండుగా చదువుతున్నదని నిశ్చయించుకున్నాడు. సుబ్బారావు వద్దకు వెళ్లి కొత్తది తెచ్చుకున్నాడు. అది అరచేతిలో తేలికగా ఒదిగింది, బటన్లు మెత్తగా ఉన్నాయి, దిక్కులు తిప్పే కూడికగుర్తు మీట బొటనవేలి కింద నున్నగా తిరిగింది. ఇంటికి వచ్చి ఆడితే మళ్లీ రెండు తన్నులు. తిరిగి ఇచ్చేసి, బటన్లు ఎడంగా ఉన్న బరువైన మరొకటి తెచ్చుకున్నాడు. రెండు తన్నులు. దిక్కులకు పుల్లవంటి పిడి ఉన్న ఇంకొకటి తెచ్చాడు. దానితో గెంతబోయి కూర్చున్నాడు, కూర్చోబోయి గెంతాడు; తన్నులు మాత్రం యథాప్రకారం రెండు.

సుబ్బారావు మర్యాదస్థుడు. కోపం వచ్చినకొద్దీ అతని మాటలో 'అండీ'లు పెరుగుతాయి.

"ఇదిగోనండీ శోభనాద్రిగారూ, మీ ముందే నొక్కుతున్నానండీ. ఎన్ని పడ్డాయండీ?"

"ఒకటి."

"మళ్లీ చూడండీ. ఎన్నండీ?"

"ఒకటే. కానీ మా ఇంట్లో రెండు పడుతున్నాయండి."

"అయితే ప్యాడ్ మార్చడం ఎందుకండీ, ఇల్లు మార్చండీ!"

దుకాణంలో ఉన్నవారందరూ నవ్వారు. శోభనాద్రి ప్యాడును సంచిలో పడేసుకొని, బస్సులో పెడన దాకా కిటికీ వైపు ముఖం తిప్పుకొని కూర్చున్నాడు.

అసలు సంగతి కనిపెట్టినది అతని భార్య సూర్యకుమారి. ఆమెకు ఆట తెలియదు. ఆ సాయంత్రం పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తెరను కాక భర్త చేతిని చూసింది.

"ఏవండీ, అదేవిటి, రంగు అద్దినట్టు నొక్కుతున్నారు?"

"రంగేవిటి?"

"షెడ్డులో అచ్చు అద్దుతారు కదా, టపటపా. అలాగే. ఒకసారి నొక్కి, వెంటనే ఇంకోసారి."

అచ్చుపనిలో అది మొదటి పాఠం. టేకు అచ్చును రంగుపెట్టెలో ఒకసారి అద్దితే చాలదు. ఎత్తీ ఎత్తకముందే రెండవసారి అద్దాలి. మొదటి అద్దుకు రంగు అంటుతుంది, రెండవ అద్దుకు అంతటా సమంగా పరుచుకుంటుంది. ఆ తరువాతనే గుడ్డమీద నిలిపి పిడికిలితో గుద్దాలి. కుర్రతనంనుంచి అదే పని చేసిన ఆ చేయి, యజమాని ఆజ్ఞ లేకుండానే, దేనినైనా రెండుసార్లు తాకడానికి అలవాటుపడిపోయింది. సంగతి తెలిసి శోభనాద్రి సంతోషించలేదు. ప్యాడును తిట్టుకున్నంత సుఖంగా చేతిని తిట్టుకోలేకపోయాడు.

మరునాటినుంచి ప్రతి వస్తువునూ ఒక్కసారే తాకడం అభ్యాసం చేశాడు. స్విచ్చు ఒక్కసారి నొక్కాడు, తలుపు ఒక్కసారి తట్టాడు. ఆ జాగ్రత్త అతనితోపాటు షెడ్డులోకీ వెళ్లింది. మధ్యాహ్నానికి మేస్త్రి యలమంద బల్ల దగ్గరకు వచ్చి, దుప్పటి అంచు ఎత్తి వెలుగుకు పట్టుకున్నాడు. పువ్వుల నడుమ తెల్లమచ్చలు కనబడ్డాయి.

"ఏరా అబ్బాయ్, ఈ పూలకేమైంది, జ్వరమొచ్చిందా?"

శోభనాద్రి చేతిలోని అచ్చును తిరగేసి చూసుకున్నాడు.

"ఇంత కాలంలో నీ గుడ్డ ఎత్తి చూడాల్సిన పని పడలేదురా నాకు. ఇది షాపుకి పంపితే నా మొహాన కొడతారు. అద్దు సరిగ్గా వెయ్యి."

అతడు మళ్లీ రెండు అద్దులు వేశాడు. పువ్వులు నిండుగా పడ్డాయి. సాయంత్రం ఆటలో తన్నులూ రెండు పడ్డాయి. చేయి ఒకటే, దానికి పగలొక బుద్ధి, సాయంత్రమొక బుద్ధి నేర్పడం తన వల్ల కాదని అతనికి అర్థమైంది.

ఉన్న ప్యాడు తిరిగి ఇచ్చేద్దామని బందరు వెళ్లినప్పుడు, సుబ్బారావు దుకాణంలో బల్ల కింద, కొన్నవారు తెచ్చి పడేసిన ప్యాడ్ల పెట్టె ఒకటి అతని కంటబడింది. ఊరికే ఒకటి తీసి నొక్కాడు. నొక్కిన బటన్ లోపలికి పోయి, పైకి లేవడానికి బద్ధకించింది. తీగ తగిలించి ఆడి చూశాడు. వేలు అలవాటు చొప్పున రెండుసార్లు దిగింది; రెండవసారి దిగేసరికి బటన్ ఇంకా లేవనేలేదు. తెరమీద వస్తాదు ఒక్క తన్ను తన్ని, బుద్ధిగా వెనక్కు తగ్గాడు.

"ఇదేనండి నాకు కావలసింది!"

"అది పాడైందండీ."

"అందుకేనండి."

సుబ్బారావు అతణ్ణి కొంతసేపు పరీక్షగా చూసి, ఉంచుకోమన్నాడు. ఎందుకు కావాలో చెబితే దుకాణమంతా మళ్లీ నవ్వుతుందని శోభనాద్రి చెప్పలేదు. ఆనాటినుంచి సాయంత్రాలు అతని ముఖం విప్పారింది. హరిబాబుకు ఫోను చేసి ఆదివారం రమ్మన్నాడు. శనివారమే ప్యాడును బందరు తీసుకువెళ్లి, దుకాణంలోని పెద్ద టీవీకి సరిపడుతుందో లేదో చూడమని సుబ్బారావుకు అప్పగించి వచ్చాడు.

ఆదివారం జనం బాగానే చేరారు. హరిబాబు చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. "డబుల్ బావా, ఇవాళ ఎన్ని వడ్డిస్తావు?" అన్నాడు. శోభనాద్రి చిరునవ్వు నవ్వి ప్యాడు అందుకున్నాడు. మొదటి తన్ను తన్నాడు. రెండు పడ్డాయి. ఇంకొకటి తన్నాడు. రెండు పడ్డాయి. హరిబాబు వస్తాదు లోపలికి దూరాడు. ఆట చూస్తుండగా ముగిసిపోయింది.

"దీన్నేం చేశారండి?" అని శోభనాద్రి సుబ్బారావు వైపు తిరిగాడు.

"పదిమందిలో మా కొట్టు ప్యాడ్ పరువు పోకూడదని, లోపలి రబ్బర్లు కొత్తవి వేశానండీ! చూడండీ, ఎలా లేస్తోందో!"

"పాతవి ఏవండి?"

"చెత్తలో పోయాయండీ. ఎందుకండీ?"

అప్పుడు చెప్పవలసివచ్చింది. అందరూ విన్నారు. హరిబాబు గోడకు ఆనుకొని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "అయితే బావా, బాగున్న ప్యాడ్ నీకు పడదన్నమాట!" అన్నాడు. శోభనాద్రి నిదానంగా లేచి, పక్కన ఎవరో పెట్టుకున్న టీ గ్లాసు తీసి, ఆ బటన్ చుట్టూ కొన్ని చుక్కలు పోశాడు.

"అయ్యో, అయ్యో, ఏం చేస్తున్నారండీ!" అని సుబ్బారావు అరిచాడు.

"ఇంకో ఆట," అన్నాడు శోభనాద్రి.

తడిసిన బటన్ మునుపటికంటె చులాగ్గా జారింది. తన్నులు రెండేసి పడ్డాయి. హరిబాబు మరింత సులభంగా గెలిచి, పెడనలో అక్కకు బత్తాయిలు కొనిచ్చి, సాయంత్రం రైలుకు గుడివాడ వెళ్లిపోయాడు. స్టేషనులో రైలు కదులుతుండగా కిటికీలోంచి "డబుల్ బావా!" అని కేకవేశాడు. ఫ్లాట్‌ఫారం మీద కాఫీ అమ్మే అతను తల తిప్పి చూశాడు.

సోమవారం సాయంత్రానికి టీలోని చక్కెర ఆరి బంక కట్టింది. ఇంటికి తెచ్చుకున్న ఆ ప్యాడును శోభనాద్రి నిరాశగా ఒకసారి నొక్కి చూశాడు. బటన్ లోపలికి పోయి, లేవడానికి బద్ధకించింది. వస్తాదు ఒక్క తన్ను తన్ని వెనక్కు తగ్గాడు. మళ్లీ నొక్కాడు. ఒక్కటే. వెంటనే హరిబాబుకు ఫోను చేశాడు.

"వచ్చే ఆదివారం రారా."

"వచ్చే ఆదివారం కుదరదు బావా, దుకాణంలో స్టాకు లెక్కలు. ఆ పై వారం చూద్దాం."

"అప్పటిదాకా ఉండదురా ఇది!"

"ఏది ఉండదు?"

ఫోను పెట్టేసి వెనుకకు తిరిగేసరికి, గోడ మూలనుంచి చాప మీదుగా ప్యాడు దాకా ఎర్రచీమలు బారు కట్టి ఉన్నాయి. సూర్యకుమారి తడిగుడ్డ తీసుకొని వంగింది.

"తుడవకు!" అని శోభనాద్రి గట్టిగా అరిచాడు.

ఆమె గుడ్డ పట్టుకొని అలాగే నిలబడిపోయింది. అతడు చాప మీద చతికిలబడి, ప్యాడును రెండు చేతులతో పైకెత్తి, బటన్ చుట్టూ ఉన్న చీమలను ఒక్కొక్కటిగా ఊదడం మొదలుపెట్టాడు.