పన్నుకు తేదీ, మందుకు కాగితం

జూన్ మొదటి సోమవారం. పెద్దాసుపత్రి దంత విభాగం. రక్తవైద్యులు రాసి ఇవ్వనిదే నా పన్ను ముట్టుకోబోమన్నారు. ఆ మాటే రాసిమ్మని కోరాను. ఇవ్వలేదు.

అదే నెల మూడవ గురువారం. రక్త విభాగం. పన్ను తీసే తేదీ రాయించుకొస్తేనే ఇంజెక్షను తెప్పిస్తామన్నారు. ఇదీ నోటిమాటే.

జూలై మొదటి మంగళవారం. మళ్లీ దంత విభాగం. మందు సిద్ధంగా ఉన్నట్టు కాగితం లేనిదే తేదీ ఇవ్వబోమన్నారు.

జూలై మూడవ మంగళవారం. రెండు గంటలు వరుసలో కూర్చున్నాను. నా వంతు వచ్చాక, కాగితం తెచ్చారా అని మాత్రం అడిగారు.

నాకు హిమోఫిలియా. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థం ఒకటి పుట్టుకతోనే నా ఒంట్లో చాలినంత లేదు. పన్ను తీసే ముందు దాన్ని ఇంజెక్షనుగా ఎక్కించాలి. ఉక్కు కర్మాగారం కంట్రోల్ రూములో లాగ్‌బుక్ రాసిన అలవాటు కొద్దీ, మోకాలు వాచిన ప్రతిసారీ, ముక్కు నుంచి రక్తం కారిన ప్రతిసారీ తేదీతో సహా నమోదు చేసుకున్నాను. అలా పదకొండు పుస్తకాలయ్యాయి.

మా సొంతూరు పద్మనాభంలో అమ్మ, బ్రష్షు తగిలితే చిగురు చిట్లుతుందని, పళ్లపొడిని వేలితో తాకించి పుక్కిలించమనేది. ప్రేమతో చెప్పిన ఆ మాటను అరవై దాటేదాకా పాటించాను. తోమకపోవడం వల్లనే చిగుళ్లు వాచి రక్తం కారుతోందని ఈ జూన్‌లో దంతవైద్యురాలు చెప్పింది. మందలించలేదు, మెత్తని బ్రష్షు కొనుక్కోమంది. ఇంటికొచ్చి పదకొండు పుస్తకాలూ తిరగేశాను. పంటి కోసం ఒక్క గడి కూడా గీసుకోలేదు. ఆ తప్పు నాది. తక్కినవి నావి కావు.

కింది దవడ పన్నుకు చీము పట్టింది. నాలుక పదేపదే అక్కడికే పోతుంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే వరండా చాలదు.

ప్రతిసారీ నన్ను తన ఆటోలో తీసుకెళ్లేది మా బావమరిది. ఆ మంగళవారం తిరిగి వస్తుంటే, జాలరిపేట దగ్గర వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"పాతూర్లో ఒకాయనున్నాడు బావా. ఏటీ అడగడు, పీకేత్తాడు. నువ్వు కాయితాలేరుకునే లోగా పన్నే ఊడిపోద్ది."

"అడగకుండా పీకేవాడి దగ్గరికి పెళ్లైన కొత్తలోనే వెళ్లాను. మూడు రోజులు గిన్నెలో రక్తం ఉమ్మాను. మీ అక్క ఆ గిన్నెలో మళ్లీ వండలేదు."

మా ఇంటి గేటు దగ్గర ఆటో ఆపి, "అయితే గట్టిగా రాయి బావా. నానే అట్టుకెళ్లి ఇత్తాను. ముట్టినట్టు సంతకం ఎట్టించుకునే వత్తాను," అన్నాడు.

రాశాను. రెండు విభాగాల అధిపతులకూ ఒకే లేఖ:

'నా పన్ను ఏ తేదీన తీస్తారు? ఆ ఉదయం ఇంజెక్షను ఎవరు, ఎన్ని గంటలకు ఇస్తారు? తరువాత రక్తం ఆగకపోతే నేను ఏ తలుపు తట్టాలి? ఈ మూడింటికీ వారం లోగా లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. వీలుకాదనేటట్లయితే, ఆ సంగతీ కారణంతో సహా రాసి ఇవ్వండి. ఏది రాసినా, రెండు విభాగాల సంతకాలూ ఒకే కాగితం మీద ఉండాలి.'