కాసిల్దా ఇంట్లో ఆగిపోయిన మాత

మాత పెట్టె కాసిల్దా ఇంటికి చేరిన సాయంత్రమే, కరోనా వల్ల దేశమంతా తలుపులు వేసుకుని ఇళ్ళలో ఉండాలని టీవీలో చెప్పారు. పై వీధిలో అన్ని ఇళ్ళుండగా ఆ పెట్టె సరిగ్గా ఆమె ఇంట్లోనే చిక్కుకుపోవడం ఆమె ఖర్మ కాక మరేమిటి?

ఆ పెట్టె ఒక రోజుకి మించి ఎవరింట్లోనూ ఉండదు. చంకలో పట్టేంత చెక్క గూడు, ముందు రెండు చిన్న తలుపులు, లోపల జానెడు మేరీమాత. సాయంత్రం తలుపులు మూసి పక్కింటికి అందిస్తారు. వాళ్ళు తలుపులు తెరిచి, మాత ముఖాన్ని ముద్దు పెట్టుకుని, దీపం వెలిగించి, మర్నాడు ఆ అవతలి ఇంటికి సాగనంపుతారు. కాసిల్దా తర్వాతి వంతు పక్కింటి ఒబ్దూలియాది. కానీ ఒక ఇంటి వస్తువు మరో ఇంటి గడప దాటకూడదన్నారు. ఒబ్దూలియా దీపం సిద్ధం చేసుకుని కూర్చుంది, మాత రాలేదు.

కాసిల్దాకి భక్తి లేదని కాదు, తీరిక లేదు. చిన్నప్పుడే బిల్బావో పట్నం వెళ్ళి పరాయి ఇళ్ళలో అంట్లు తోమింది. తల్లి మంచాన పడితే తిరిగొచ్చి చాకిరీ చేసింది. తల్లి పోయాక, ఊళ్ళో లేవలేని ముసలివాళ్ళకి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, ముద్ద తినిపించే ఉద్యోగంలో చేరింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "పనిలో పడి మర్చిపోయాను" అనేది. నవ్వుతూ అనేది గానీ అందులో నిజం లేకపోలేదు.

ఊరంతా కిటికీల వెనక కూర్చుంటే ఆమె ఒక్కతే వీధుల్లో తిరిగేది. ఒక్కో ఇంట్లో చేతులు కడుక్కోవడం, మాస్కు బిగించుకోవడం, మళ్ళీ చేతులు కడుక్కోవడం. వేళ్ళ చర్మం లేచిపోయింది. మాస్కు తాళ్ళు ఒరుసుకుని చెవుల వెనక పుండ్లు పడ్డాయి. కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చి, పెరట్లోనే బట్టలు విప్పి బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, నిన్నటి వెల్లుల్లి చారులో ఎండు రొట్టె నానేసుకుని తినేది. చెంచా చేతిలో ఉండగానే కునుకు పట్టేది.

సరిగ్గా అప్పుడే ఎనిమిది కొట్టేది. రోజంతా ఒళ్ళు అరగదీసుకునేవాళ్ళకి కృతజ్ఞతగా జనం బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లలో తన వాటా కూడా ఉందని కాసిల్దాకి తెలుసు. ఆ మోతకే పట్టిన కాస్త నిద్రా ఎగిరిపోయేది. మర్యాద కోసం కిటికీ తెరిచి చెయ్యి ఊపేది. ఇక మొదలు.

"కాసిల్దా! దీపం పెట్టావా?" అని ఎదురింటి బాల్కనీ నుంచి సాతుర్నీనో కేకేసేవాడు.

"పెట్టాను మామా."

"నా మోకాలి సంగతి చెప్పావా?"

"చెప్పాను."

"కుడిదని చెప్పావా?"

"చెప్పాను మామా. ఎడమది కూడా తొందర్లోనే పోతుందంది."

వీధంతా నవ్వేది. నిజానికి చాలా రోజులు ఆమె దీపమే పెట్టలేదు. మాత ఎదురుగా కుర్చీలో చెప్పులతోనే నిద్రపోయేది. వీధి మొత్తం మొక్కులు తన నెత్తిన పడటం ఆమెకి ఒళ్ళుమంటగా ఉండేది.

ఏప్రిల్ మొదట్లో ఒబ్దూలియా భర్త లియోన్సియోని అంబులెన్స్ తీసుకెళ్ళింది. ఆమెని ఎక్కనివ్వలేదు. బండి కదిలాక ఆయన పళ్ళ సెట్టు గ్లాసులోనే ఉండిపోయిందని గుర్తొచ్చి, ఆ గ్లాసు పట్టుకుని డెబ్బై దాటిన మనిషి వీధి చివరిదాకా పరిగెత్తింది. బండి ఆగలేదు. ఆ సాయంత్రం ఒబ్దూలియా కిటికీలోంచి పిలిచింది.

"కాసిల్దా, పెట్టె ఇలా ఇయ్యవే. వంతు నాదే కదా."

"ఎలా ఇవ్వను పిన్నీ? పొద్దున్నుంచీ రోగులిళ్ళలోనే తిరిగానా? నాకే అంటుకుందేమో ఎవరికి తెలుసు? నీ ఊపిరితిత్తులు చూస్తే అంతంతమాత్రం."

"నా ఊపిరితిత్తుల గోల నీకెందుకు? అక్కడ ఆయన పళ్ళు కూడా లేకుండా ఒంటరిగా పడున్నాడు. నేనెవరికి చెప్పుకోవాలి?"

"నేను చెప్తాలే..."

"నువ్వా? దీపం పెట్టని దానివి, నువ్వు చెప్తావా?" అని ఒబ్దూలియా కిటికీ మూసేసింది.

ఆ మాట కాసిల్దాకి ముల్లులా గుచ్చుకుంది. దీపం సంగతి ఒబ్దూలియాకి తెలిసిపోయిందన్నమాట. తర్వాత రెండు రోజులు ఒబ్దూలియా కిటికీ తెరవలేదు. రొట్టెలవాడు గుమ్మానికి తగిలించిన రొట్టె సంచీ కూడా అలాగే వేలాడింది. తినడం మానేసిందని కాసిల్దాకి భయం పట్టుకుంది. పెట్టె ఇస్తే రోగం ఇచ్చినట్టవుతుందేమో. ఇవ్వకపోతే ఆ మనిషి దిగులుతోనే పోయేలా ఉంది.

చివరికి ఆమెకి తోచింది ఆమెకి తెలిసిన పనే. కడగడం. ఆ రోజు పని నుంచి రాగానే పెట్టెని పెరట్లో బల్ల మీద పెట్టి, గుడ్డ తడిపి తుడవడం మొదలుపెట్టింది. తలుపులు, మూలలు, కిరీటం, పాదాలు. అందరూ ముద్దు పెట్టే చోటు కదాని ముఖం దగ్గర ఇంకాస్త గట్టిగా రుద్దింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. బ్లీచింగ్‌లో నీళ్ళు కలపలేదన్న సంగతి, గుడ్డ మీద గులాబీ రంగు కనిపించాక గానీ తట్టలేదు.

తరాల ముద్దులకి పలచబడి ఉన్న రంగు అది. ఒక్క రుద్దుకి ఊడొచ్చేసింది. కళ్ళు మిగిలాయి. ముక్కు కిందంతా తెల్లటి సున్నం ముద్ద. నోరు లేదు.

కాసిల్దా గుడ్డ పడేసింది. బల్ల పక్కన నేల మీద కూర్చుని చాలా కాలం తర్వాత ఏడ్చింది. అలసట వల్ల ఏడ్చిందో, పాపభయంతో ఏడ్చిందో ఆమెకే తెలియదు. కాసేపటికి లేచి, పాత దిండు గలీబు అంచు కత్తిరించి, వేలెడు మాస్కు కుట్టి మాత ముఖానికి కట్టింది. పెట్టె తలుపులు మూసి, పక్కింటి గడప ముందు పెట్టి, తలుపు తట్టి, వీధి మధ్యకి వచ్చి నిలబడింది.

ఒబ్దూలియా తలుపు తీసి, అక్కడే వంగి పెట్టె తెరిచి చూసింది.

"అయ్యో నా తల్లీ, నీకూ తప్పలేదా!" అని ఒబ్దూలియా పకపకా నవ్వింది. లియోన్సియో వెళ్ళాక ఆమె నవ్వడం అదే మొదలు. సాతుర్నీనో బాల్కనీ నుంచి తొంగి చూసి, "నాకంటే మాతకే బుద్ధుంది" అన్నాడు. రొట్టె సంచీ లోపలికి వెళ్ళింది. పక్క గోడలోంచి రాత్రంతా ఒబ్దూలియా మాటలు సన్నగా వినపడుతూనే ఉన్నాయి. పెట్టె ఆ తర్వాత అక్కడే ఉండిపోయింది, ఎవరూ వంతు అడగలేదు.

వినపడే కొద్దీ కాసిల్దాకి నిద్ర దూరమైంది. పాపం ఆమె ఎవరితో మాట్లాడుతున్నట్టు? తుడిచేసిన ముఖంతో. ఆ గుడ్డ ఎప్పుడు జారుతుందో, ఆమె గుండె ఎప్పుడు పగులుతుందో అని కాసిల్దా రోజూ భయపడుతూనే పనికి వెళ్ళింది. అలా ఉండగానే లియోన్సియో పోయాడని ఫోనొచ్చింది. మాత నోరు తుడిచేసిన తన చేతులే ఆయన్ని చంపినట్టు అనిపించింది కాసిల్దాకి.

పాతిపెట్టడానికి ముగ్గురికి మించి వెళ్ళకూడదు. ఒబ్దూలియాకి పిల్లల్లేరు. ఆమెతో కాసిల్దా, సాతుర్నీనో వెళ్ళారు. ఒకరినొకరు పట్టుకోలేక, ఎడమెడంగా నిలబడి చూసి వచ్చేశారు. ఇంటి ముందుకి వచ్చాక ఒబ్దూలియా అరుగు ఈ చివర కూలబడి, ఆ చివర చూపించింది.

"కూర్చో."

కాసిల్దా కూర్చుంది. ఇక దాచుకునే ఓపిక లేదు. "పిన్నీ, ఆ మాస్కు..."

"తెలుసు. మొదటి రాత్రే ముద్దు పెట్టుకుందామని తీశాను."

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏమనాలి? నోరు ఉన్నప్పుడు మాత్రం ఆవిడ నాకెప్పుడు బదులు చెప్పింది గనక? ఆవిడ తల మీది ముసుగు కింద చెవులున్నాయి కదే. నీ దిక్కుమాలిన గుడ్డ అక్కడిదాకా పోలేదు. నాకు వినేవాళ్ళు కావలసొచ్చింది, అంతే." ఒబ్దూలియా ఆమె వైపు తిరిగి చూసింది. "నీ మాస్కు కూడా తియ్యి, చూడనీ."

కాసిల్దా తీసింది. బుగ్గల మీద తాళ్ళ గాట్లు, ముక్కు మీద ఒలిచినట్టున్న చర్మం.

"నిన్ను కూడా బాగానే తుడిచేశారు" అంది ఒబ్దూలియా.

కాసిల్దా ఏదో చెప్పబోయింది. మాట పూర్తి కాకుండానే తల గోడకి వాలింది. ఒబ్దూలియా లోపలికి వెళ్ళి లియోన్సియో కోటు తెచ్చింది. దగ్గరికి వెళ్ళకూడదని గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగింది గానీ, వెళ్ళి కప్పేసింది.

ఎనిమిదయింది. బాల్కనీల తలుపులు తెరుచుకున్నాయి. సాతుర్నీనో రెండు చేతులూ పైకెత్తాడు. ఒబ్దూలియా నల్లబట్టల్లోనే వీధి మధ్యకి వచ్చి, వేలు పెదవుల మీద పెట్టింది.

"కొట్టకండి. పిల్ల నిద్రపోయింది."

ఆ సాయంత్రం పై వీధిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చీకటి పడేదాకా అందరూ బాల్కనీల్లో ఊరికే నిలబడ్డారు.