అక్షరాలు లేని ఐదు ఎపిసోడ్లు

మా పెద్దనాన్న కూతురు నాకన్నా ఆరేళ్లు పెద్దది. వరంగల్‌లో వాళ్లకు చీరల దుకాణం ఉంది. గిరాకీ లేని మధ్యాహ్నాలు అక్క గల్లా వెనక కూర్చుని ఫోనులో జపాన్ అనిమే సీరియళ్లు చూసేది. వాటిని చిన్నపిల్లల బొమ్మలు అనుకోవద్దని నాకు నేర్పింది తనే. నేను హన్మకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఇద్దరం కలిసి వాటికి తెలుగు సబ్‌టైటిళ్లు చేయడం మొదలుపెట్టాం. ఇంగ్లీషు చూసి తెలుగు రాయడం అక్క పని. ఆ మాటలు తెర మీద సరైన క్షణానికి వచ్చేలా కూర్చి, ఫైలు తయారుచేసి, మాలాంటి పిచ్చివాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో పెట్టడం నా పని.

నేను ఎక్కడైనా "వెళ్తున్నాను" అని దిద్దితే అక్కకు కోపం వచ్చేది.

"మనింట్ల ఇట్ల ఎవలు మాట్లాడుతర్రా? 'పోతాన' అని రాయి."

ఫైలు ఏ రకంలో ఉండాలన్న దగ్గర మొదట్లోనే వాదన వచ్చింది. నాకు ఎమ్‌కేవీ ఇష్టం. అందులో బొమ్మ, శబ్దం, అక్షరాలు మూడూ విడివిడిగా ఉంటాయి. తప్పు దొరికితే అక్షరాలను మాత్రమే మార్చుకోవచ్చు, బొమ్మ జోలికి పోనక్కర్లేదు. కానీ ఆ అక్షరాలు కనిపించడమూ మానడమూ చూసేవాళ్ల ప్లేయర్ దయ. దుకాణంలోని పాత టీవీలో ఒకటి పెట్టి చూశాం. ఒత్తులన్నీ ఊడి పక్కకు పడ్డాయి. 'స్త్రీ' అన్న మాట మూడు ముక్కలైంది.

"ఇట్లొద్దు తమ్మీ. అక్షరాలను బొమ్మ మీదనే అచ్చెయ్యి. ఎంత పాత ఫోనుల పెట్టినా ఆడాలె, ఎవలు పెట్టినా చదవరావాలె" అంది అక్క.

అలా ఎంపీఫోర్ ఖాయమైంది. కోడెక్ కూడా పాతదే, హెచ్ టూసిక్స్‌ఫోర్. కోడెక్ అంటే బొమ్మను ఎంత బిగువుగా మడత పెట్టాలో చెప్పేది. పాతదానితో ఫైలు పెద్దదవుతుంది, కానీ ఆడని పరికరమంటూ ఉండదు. రెండేళ్లు అదే పద్ధతిలో చేశాం.

తర్వాత అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పొద్దున పెద్దమ్మ తోడుగా దవాఖానకు పోయి, నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద పడుకునేది. మంచం మీదే ఫోను పట్టుకుని సబ్‌టైటిళ్లు రాసేది. అప్పుడు మేం చేస్తున్నది సముద్రపు ఒడ్డున పడవలు బాగుచేసుకునే అన్నాచెల్లెళ్ల కథ, పదమూడు ఎపిసోడ్లు. ఎనిమిదో ఎపిసోడ్ పూర్తయ్యేసరికి అక్కకు ఇన్ఫెక్షన్ వచ్చింది. గట్టి సూదిమందులు వేశారు. ప్రాణం నిలబడింది గానీ ఆ మందులకు చెవులు పోయాయి. మెల్లగా వినికిడి తిరిగి రావచ్చన్నారు. రాలేదు. రాసే ఓపిక కూడా పోయింది.

మిగిలిన ఐదు ఎపిసోడ్లు నేనే రాశాను. గ్రూపులో కొందరు చాలాకాలంగా సణుగుతున్నారు. అక్షరాలు అచ్చేసి బొమ్మను పాడుచేస్తున్నారని, ఫైళ్లు మరీ పెద్దవని, లోకమంతా కొత్త కోడెక్‌కు మారిపోయిందని. నేను మారిపోయాను. కొత్త టూసిక్స్‌ఫైవ్ కోడెక్, ఎమ్‌కేవీ, అక్షరాలు విడిగా. ఫైలు సగానికి తగ్గింది, సముద్రం నీలం ఇంకా తేటగా వచ్చింది. గ్రూపులో పొగడ్తలే పొగడ్తలు. అక్కను ఒక్క మాట అడగలేదు. ఫైళ్లు పంపి, వేరే ప్లేయర్ ఒకటి వేసుకొమ్మని కింద ఒక ముక్క రాశాను. "సరే తమ్మీ" అని జవాబు వచ్చింది.

ఒక సెలవు రోజు దవాఖానకు వెళ్లాను. అక్క ముఖం ఉబ్బి ఉంది. చేతికి పైపులు. ఒక కాగితం మీద "ఎపిసోడ్లు ఎట్లున్నయ్?" అని రాసి చూపించాను. తన గొంతు తనకు వినబడదు కదా, వార్డంతా వినేలా చెప్పింది.

"మంచిగున్నయ్ రా! ఆ పిల్ల మొకం చూస్తేనే ఏడ్పొస్తాంది."

"నా తెలుగు?" అని రాశాను. అక్క కాగితాన్ని నా వైపు తోసింది.

"ఏం వంక లేదు తియ్యి" అంది.

నా ప్రతి వాక్యాన్నీ దిద్దే మనిషి ఆ మాట అంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. సంతోషంగా ఇంటికి వచ్చాను.

మరో మూడు వారాలకు డయాలసిస్ మధ్యలోనే అక్క గుండె ఆగిపోయింది. పొద్దున పదకొండు గంటలప్పుడు. నేను వెళ్లేసరికి పైపులు తీసేశారు.

కర్మకాండ అయ్యాక పెద్దమ్మ అక్క ఫోను నా చేతికిచ్చింది, అందులోని ఫొటోలు తీసిపెట్టమని. రిపోర్టుల ఫొటోలతో మెమరీ నిండిపోయి ఉంది. కొత్త ప్లేయర్ వేసుకునే చోటే లేదు. నేను పంపిన తొమ్మిదో ఎపిసోడ్ తెరిచాను. ఫోనుతో వచ్చిన ప్లేయర్‌లో సముద్రం కనిపించింది. అన్నాచెల్లెళ్ల పెదాలు కదిలాయి. కింద ఒక్క అక్షరం లేదు. ఐదూ తెరిచి చూశాను. ఐదూ అంతే.

"పెద్దమ్మా, అక్క ఇవి చూసిందా?"

"ఎందుకు చూడలే? సూది పెట్టిన కాడికెల్లి తీసేదాంక అవే."

"అక్షరాలు వస్తలేవు గదా."

"రాలే. నీకు ఫోన్ జేస్తనంటె వద్దన్నది. 'కాలేజీ నుంచి అచ్చి కూసొని జేస్తాండు, చెప్తే మల్ల మొదటికెల్లి జేస్తడు, పానం పాడు జేసుకుంటడు' అన్నది. మొకాలు జూసి, ఇగో ఈడ ఇదంటాంది, ఆడు అదంటాండు అని నాకు చెప్పుకుంట జూసింది."

చెవులు వినపడని మనిషి, అక్షరాలు కనిపించని బొమ్మలకు, తనే మాటలు కల్పించుకుంది.

"ఏమేం చెప్పింది పెద్దమ్మా?"

"నాకేం యాదికుంటది బిడ్డా" అని పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ నెలలో ఐదు ఎపిసోడ్లనూ పాత పద్ధతిలో మళ్లీ చేయడానికి కూర్చున్నాను. ముందు ఒక ఆదివారం పెద్దమ్మ పక్కన కూర్చుని, ఒక్కొక్కటీ పెట్టి, ఎక్కడైనా ఏమైనా గుర్తొస్తుందేమోనని అడిగాను. ఆమె తెర వైపు చూస్తూ చాలాసేపు తల అడ్డంగానే ఊపింది. పన్నెండో ఎపిసోడ్‌లో అన్న తడిబట్టలతో గుమ్మంలోకి వస్తాడు. చెల్లెలు తలెత్తి ఏదో అంటుంది.

"ఇగో, ఈడ 'తిన్నవా' అని అడిగిందన్నది" అంది పెద్దమ్మ.

అక్కడ నేను రాసింది, "మీ నిర్ణయం నాకు ముందే తెలుసు" అని. ఇంగ్లీషులో ఉన్నదీ అదే. తీసేసి "తిన్నవా" అని పెట్టాను. ఆ ఐదింటిలో అక్కది ఆ ఒక్క మాటే. మిగతావన్నీ నావి. అవి బాగాలేవు.