మరియమ్మ సొరతీగ

సహోదరులారా, ఈ సాయంత్రం సిగ్గుతో తలవంచుకుని రాస్తున్నాను.

పది రోజుల క్రితం బేస్తవారిపేట దగ్గరి పల్లెలో, మరియమ్మ గుడిసె ముందు జరిగిన ప్రార్థన కూటంలో, ఆకులే తప్ప పండు లేదని యేసు ప్రభువు శపించిన అంజూరపు చెట్టు గురించి గర్జించాను. "ఆకులు వేషం! ఫలమే భక్తి!" అంటూ ఆమె పందిరి మీది సొరతీగ ఆకులన్నీ దూసి మేకలకు వేశాను. ఇక బలమంతా పిందెలకే పోతుందని కూడా చెప్పాను. తన తీగ బోడిగా మిగులుతున్నా మరియమ్మ ఆమెన్ అన్నది.

ఈ రోజు మళ్లీ వెళితే పిందెలన్నీ పసుపుబారి రాలిపోయి ఉన్నాయి. ఈ ఎండాకాలమంతా ఆ ఇంటికి కూర ఆ తీగే.

దొరసాని గారి మిషన్ బడిలో చదివే మరియమ్మ మనవరాలు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంది తాతా, ఆకులే గదా తీగకు వంటిల్లు! వేరు నీళ్లు తెస్తాది. ఆకు గాలి పీల్చుకోని ఎండ పొయ్యి మీద వండుతాది. నువ్వు వంటిల్లే పీకేస్తివి. పిందెలు ఏం తినాల?"

"నోరు ముయ్యవే! అయ్యగారికి తెలీదా?" అని మరియమ్మ కసిరింది.

"తెలీదమ్మా," అన్నాను. ఇరవై ఏళ్ల బోధలో ఆ మాట అనడం ఇదే మొదలు.

మా పెరటి సొరకాయలు ఇకనుంచి మరియమ్మవే. కానీ అదే ప్రసంగం పెద్దారవీడు దాకా మరో నాలుగు పల్లెల్లో చేశాను. నన్ను నమ్మి ఎవరెవరు ఆకులు దూశారో దయచేసి తెలియజేయండి. ఆ పాపను వెంటబెట్టుకుని వస్తాను. ఈసారి బోధ ఆమెది, ఆమెన్ నాది.